ఆ రెండంగుళాల ఎడం

తమ్ముడూ,

పాత స్పూల్ టేప్ రికార్డర్‌తో ఇంట్లోనే ఎకో మెషీన్ కట్టిన నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మెషీన్ బాగా కుదిరినట్టుంది. వ్యాసమే ఇంకా కుదరాలి.

మొదటి రెండు పేజీలూ చరిత్రే. అమెరికాలోని మెంఫిస్‌లో రికార్డింగ్ స్టూడియో నడిపిన సామ్ ఫిలిప్స్ సంగతి, 1974లో వచ్చిన రోలాండ్ స్పేస్ ఎకో అనే టేపు ఎకో మెషీన్ సంగతి, అన్నీ నిజాలే. కానీ నీ రికార్డర్ మూత మూడో పేజీకి గాని తెరుచుకోలేదు! అక్కడ మొదలుపెట్టు.

టేపు మీద గొంతు ఎక్కించే రికార్డ్ హెడ్‌కీ, దాన్ని తిరిగి వినిపించే ప్లే హెడ్‌కీ మధ్య ఎడం స్కేలు పెట్టి కొలిచి రెండంగుళాలన్నావు. టేపు సెకనుకు 7.5 అంగుళాలు నడుస్తుందనీ రాశావు. మరి భాగహారం ఏదీ? రెండుని 7.5తో భాగిస్తే, మాట వెనక మాట 0.27 సెకనుకు వస్తుంది. వేగం 3.75కి తగ్గిస్తే అర సెకను దాటుతుంది. అదే స్టూడియో మెషీన్ 15 అంగుళాల వేగంతో తిరిగితే 0.13 సెకనే, గొంతు వెన్నంటే ఇంకో గొంతు. 1950లలో సామ్ ఫిలిప్స్ ఎల్విస్ పాటలకు అద్దిన ఎకో అలాంటిదే. మెంఫిస్ ముచ్చట ఇక్కడ పెట్టు, అతుకుతుంది.

'ఫీడ్‌బ్యాక్ పెంచిన ఎకోలు పెరుగును' అని ఒక్క ముక్కలో దాటేశావు. ఫీడ్‌బ్యాక్ అంటే ప్లే హెడ్ నుంచి వచ్చిన మాటను మళ్ళీ రికార్డ్ హెడ్‌కే పంపడమని చెప్పొద్దూ? అసలు రుచంతా అక్కడే కదా! నాబ్ కాస్త తిప్పితే మాట నాలుగైదుసార్లు తిరిగొస్తుంది. వచ్చిన ప్రతిసారీ స, షల పదును పోయి, ఎవరో దుప్పట్లోంచి మాట్లాడుతున్నట్టవుతుంది. ఇంకా తిప్పితే తిరిగొచ్చేది వెళ్ళినదాన్ని మించిపోయి, మెషీన్ తనంతట తానే ఊళ పెడుతుంది. అది విన్నప్పుడు నువ్వేం చేశావు? నాబ్ తగ్గించావా, పరిగెత్తి ప్లగ్ పీకావా? అది రాయి.

'ధ్వని పునరావృత్తి సాధనం' కొట్టెయ్. రిపేరు షాపులో అలా అడిగితే కుర్చీ కూడా వెయ్యరు.

నా సంగతొకటి చెప్తాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక డొక్కు రికార్డర్ కొని రోజంతా కుస్తీ పట్టాను. ఎకో రాలేదు. సాయంత్రానికి తెలిసింది, అందులో రికార్డుకీ ప్లేకీ కలిపి ఒకటే హెడ్! దాంతో ఎకో ఎలా వస్తుంది? సిగ్గేసి ఆ ముక్క వ్యాసంలో దాచేశాను. అది చదివి ఇద్దరు ముగ్గురు అలాంటి మెషీన్లే కొని నాకు ఫోన్ చేశారు.

నువ్వూ దాచావు. టేపు కొసలు నిలువుగా కోసి లూపుగా అతికిస్తే చుట్టుకోసారి 'టప్' మన్నదనీ, ఏటవాలుగా కోశాకే సద్దుమణిగిందనీ ఫోన్‌లో నవ్వుతూ చెప్పావు కదా, వ్యాసంలో ఏదీ?

మూత తీసేముందు ప్లగ్ పీకమని కూడా ఒక వాక్యం వెయ్యి. గాజు బుడ్ల వాల్వులున్న పాత మెషీనైతే ప్లగ్ పీకాక కూడా కరెంటు నిల్వ ఉంచుకునే కెపాసిటర్లు షాక్ కొడతాయి.

తిరగరాసి పంపు. ఆ ఊళ రికార్డు చేసి ఉంటే అదీ పంపు, వినాలనుంది.

మీ అన్నయ్య