అత్తగారి ముందే రెండు గిన్నెలు పెట్టు

ప్రశ్న: అక్కా, పెళ్లయి నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చి ఆరు నెలలైంది. మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మ మామూలు గిన్నెలో ఉడికించేసే కందిపప్పు ఇక్కడ కుక్కర్‌లో ఐదు విజిల్స్ వచ్చినా పలుకులు పలుకులుగానే ఉంటోంది. శనగలైతే సరేసరి, రాళ్లే. ‘నీకు పప్పు వండటం కూడా రాదు’ అంటున్నారు అత్తగారు. రోజూ ఇదే టెన్షన్.
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ బకెట్ అంచు చూడు. తెల్లటి పొర కట్టిందా? అయితే మీకు వచ్చేవి బోరు నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం గింజలో ఉండే పెక్టిన్ అనే జిగురును పట్టి బిగించేస్తాయి. ఇక ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు మెదగదు. చిత్తూరు నుంచి వచ్చిన కొత్తలో నేనూ ఏడాది పాటు ఇదే అవస్థ పడ్డాను. కొట్లు మార్చాను, గ్యాస్కెట్ మార్చాను, మా ఆయన మీద అరిచాను కూడా. కావేరి నీళ్లు వచ్చే ఇంటికి మారాక అదే పప్పు మూడు విజిల్స్‌కి వెన్నలా ఉడికింది!

పప్పుకి మాత్రం తాగే క్యాన్ నీళ్లే పొయ్యి. నానబెట్టడానికీ అవే. చాలామంది బోరు నీళ్లలో నానేసి, ఉడికేటప్పుడు మాత్రం మంచినీళ్లు పోస్తారు. రాత్రంతా శనగలు తాగింది ఆ సున్నమే కదా!

అమ్మ గిన్నెతో పోల్చుకోకు. మీ నెల్లూరు సముద్రం పక్కనే. బెంగళూరేమో 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మంట ఎంత పెంచినా అంతే. కుక్కర్ తప్పదు.

శనగలు నానేసే నీళ్లలో లీటరుకి రెండు చెంచాల ఉప్పు వెయ్యి. ఉప్పు వేస్తే గట్టిపడతాయని మా అమ్మా అనేది, కానీ నిజానికి తోలు మెత్తబడుతుంది. ఉడకనివ్వనిది పులుపు. చింతపండు, టమాటా పప్పు మెదిగాకే వెయ్యి. శనగలు మరీ పాతవైతే చిటికెడు వంటసోడా. చిటికెడే! ఎక్కువైతే సబ్బు వాసన.

ఆదివారం అత్తగారి ముందే ఒక గిన్నెలో బోరు నీళ్లు, ఇంకో గిన్నెలో క్యాన్ నీళ్లు పోసి, గుప్పెడేసి కందిపప్పు వేసి కుక్కర్‌లో పెట్టి ఉడికించు. నువ్వేం మాట్లాడకు, గరిటె ఆవిడ చేతికివ్వు.

ప్రశ్న: పితికిన పప్పు కోసం అనపగింజలు ఎంతసేపు నానాలి?
– జయనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: రాత్రి నానేస్తే పొద్దున వేళ్లతో నొక్కగానే పప్పు బయటికొస్తుంది. ఓపిక లేదంటారా, జనవరిలో వి.వి.పురం వైపు వెళ్లండి. కన్నడలో ‘హితికిద బేళె’ అని ఒలిచిందే అమ్ముతారు. పచ్చి గింజ కాబట్టి దీనికి మాత్రం కుక్కర్ వద్దు, ముద్దయిపోతుంది.