బార్ చూసుకోబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

శ్రీకాకుళంలో బార్ అండ్ రెస్టారెంట్ మేనేజరుగా చేరుతున్నావని అక్క చెప్పింది. మన వైపు వైన్స్ అంటే బ్రాందీ కొట్టే. అసలు ద్రాక్ష వైన్ అడిగేవాళ్లు తక్కువ గనక తప్పులూ అక్కడే జరుగుతాయి. తేలిక సరుకేలే అని ఎవరన్నా అంటే వినకు. 1968 ఎక్సైజ్ చట్టానికి విస్కీ ఎంతో వైనూ అంతే.

ముందు వయసు. మన రాష్ట్రంలో 21 నిండాలి. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు 18కే వస్తాయి. కార్డు చూపించాడని ఊరుకోకు, పుట్టిన తేదీ చదువు. కొన్ని పాత ఆధార్ కార్డుల మీద సంవత్సరమే ఉంటుంది. అప్పుడు తేదీ ఉన్న ఇంకో కార్డు అడుగు.

సీసా విప్పాకే అసలు పని. 750 మి.లీ. సీసాకి 150 చొప్పున అయిదు గ్లాసులు. కుర్రాడు కంటి కొలతతో 170 పోశాడనుకో, నాలుగు గ్లాసులకే 680 పోయి అయిదోదానికి 70 మిగులుతుంది. అప్పుడు చెయ్యి పక్క సీసా మీదకి పోతుంది. అలా కలిపితే కల్తీ అన్న మాట పడతావు, రాత్రి స్టాకు రిజిస్టరూ కలవదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న పెగ్గు కొలతతోనే పోయించు: 60 రెండుసార్లు, 30 ఒకసారి. విప్పిన సీసాకి తేదీ, టైము రాసిన చీటీ అంటించి, బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టు. పుల్లటి వాసన వస్తే పారబోయించు, పారబోసిన లెక్క కూడా రాయి.

ఒడిశాలోని పర్లాకిమిడి మన పాతపట్నానికి ఆనుకునే ఉంది. అక్కడ పన్ను కట్టిన సీసా అయినా ఇక్కడ అది పన్ను కట్టని సరుకే. గిరాకీ సంచిలో తెచ్చుకున్నదైనా నీ బల్ల మీద విప్పనివ్వకు. నీ కొనుగోలంతా బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే జరగాలి.

జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2న బార్ మూసెయ్యాలన్నది సరే, ఎవరూ మర్చిపోరు. దెబ్బ తినేది ఎన్నికలప్పుడు. పోలింగ్ ముగిసే గంట నుంచి వెనక్కి 48 గంటలు లెక్కపెట్టు. సోమవారం సాయంత్రం 6కి ముగిస్తే శనివారం సాయంత్రం 6కే షట్టరు పడాలి. ఆ శనివారం రాత్రి పార్టీకి అడ్వాన్సు పుచ్చుకుని ఇబ్బంది పడతారు. ఓట్ల లెక్కింపు రోజూ మూతే.

ఇంకొకటి, బాబూ. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం, పైగా పక్కనే హైవే. నమ్మకమైన ఆటోవాళ్ల నంబర్లు నాలుగు గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి ఉంచు. తూలుతున్నవాడి చేతికి తాళం మాత్రం ఇవ్వనివ్వకు.

మీ మావయ్య