మోటర్‌హోమ్ నేల కింద దాగిన తడిని గుర్తించడం

మీరు కొనదలచిన పాత మోటర్‌హోమ్‌లో (లోపలే నివసించే వీలున్న వాహనం) స్నానపు గది ముందు నేల మెత్తగా తగులుతోందనీ, అమ్మే వ్యక్తి మాత్రం అది వినైల్ షీటు పాతబడటం వల్లనే అంటున్నారనీ రాశారు. ఆ మాటను నేనైతే నమ్మను. వినైల్ తడిని పైకి కనిపించనివ్వదు, దాని కింది ప్లైవుడ్ మాత్రం నెలల తరబడి నాని కుళ్లిపోతుంది.

ముందుగా చెప్పులు విప్పి గోడల వెంబడి, తలుపు గడప దగ్గర, స్లైడ్-అవుట్ (గోడలోంచి బయటికి జరిగి గదిని పెంచే భాగం) అంచుల్లో మడమతో నొక్కుతూ నడవండి. నేలలో హీటర్ గాలి వచ్చే జాలీ ఉంటే దాన్ని పైకి తీయండి. అక్కడ నేలను కోసిన అంచు పొరలు పొరలుగా కనిపిస్తుంది కనుక, అది నల్లబడి ఉన్నా, స్క్రూడ్రైవర్ మొన సులువుగా దిగినా ఇక వాదన అక్కర్లేదు. తేమ మీటరు 20 శాతం దాటి చూపితే అనుమానించాలి, అయితే సూదులు లేని రకం మీటరు లోహపు చట్రం మీద తప్పుగా ఎక్కువ చూపుతుంది కాబట్టి పలుచోట్ల కొలిచి పోల్చండి. వాహనం అడుగున ప్లాస్టిక్ షీటు ఎక్కడైనా ఉబ్బి వేలాడుతుంటే అందులో నీరు నిలిచిందేమో చూడండి.

తరువాత పంపు వేసి, కుళాయిలన్నీ కట్టి అరగంట ఆగండి. ఎవరూ నీళ్లు వాడకుండానే పంపు ఉండి ఉండి మోగితే గొట్టమో, పంపులోని వాల్వో కారుతోందన్నమాట. షవర్ కింది మురుగు గొట్టం ఈ పరీక్షకు దొరకదు. దానికి విడిగా పది నిమిషాలు నీరు వదిలి, కింద టార్చి వేసి చూడవలసిందే.