పాలు పడవు... పెరుగు మాత్రం పడుతుంది!

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. ఏడాదిగా పాలు తాగిన గంట, రెండు గంటల్లో కడుపు ఉబ్బరం, గుడగుడలు, ఒక్కోసారి నీళ్ల విరేచనాలు అవుతున్నాయి. బాగా మరిగించి తాగినా, వెన్న తీసిన పాలకు మారినా తేడా లేదు. పెరుగు తింటే ఏ ఇబ్బందీ లేదు. ఇది పాల అలర్జీయేనా? పూర్తిగా మానేయాలా?

జవాబు: మీరు రాసినవాటిలో నాకు ఎక్కువగా ఉపయోగపడింది పెరుగు మాట. అలర్జీ వచ్చేది పాలలోని ప్రొటీన్ల వల్ల. అవి పెరుగులోనూ ఉంటాయి కాబట్టి, అలర్జీ అయితే సాధారణంగా పెరుగూ పడదు. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వంటివీ రావచ్చు. మీ లక్షణాలను బట్టి చూస్తే లాక్టోజ్ పడకపోవటమే ఎక్కువ సంభవం.

లాక్టోజ్ పాలలో సహజంగా ఉండే చక్కెర. దీన్ని విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నపేగులో ఉంటుంది. పసితనంలో దండిగా ఉండే ఈ ఎంజైమ్ వయసు పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది. ప్రపంచవ్యాప్తంగా పెద్దవారిలో దాదాపు మూడింట రెండొంతుల మందికి లాక్టోజ్‌ను పూర్తిగా జీర్ణం చేసుకునే శక్తి ఉండదు. ఇంతమందికి ఉన్నదాన్ని జబ్బు అనటానికి నాకు మనసొప్పదు. అరగని లాక్టోజ్ నీటిని పేగులోకి లాగుతుంది, అందుకే విరేచనాలు. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, అందుకే ఉబ్బరం.

ఎంత మరిగించినా లాక్టోజ్ పోదు. వెన్న తీస్తే పోయేది కొవ్వు, చక్కెర కాదు. పెరుగు సంగతి వేరు. తోడుకునేటప్పుడే బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను వాడేసుకుంటుంది. మిగిలినదాన్ని అరిగించే ఎంజైమ్‌ను కూడా తనతో మీ పేగులోకి తెస్తుంది. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు, బాగా మాగిన చీజ్‌లో చాలా తక్కువ. జాగ్రత్తపడవలసింది ఐస్‌క్రీమ్, పాలపొడి కలిసిన పదార్థాలతో.

పూర్తిగా మానేయవలసిన పని లేదు. 250 మిల్లీలీటర్ల గ్లాసు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. ఈ సమస్య ఉన్నవారిలోనూ చాలామంది అంత మోతాదును పెద్దగా ఇబ్బంది లేకుండా తట్టుకోగలరు, ముఖ్యంగా భోజనంతో కలిపి తీసుకుంటే. రెండు వారాలు పాలు ఆపి చూడండి. కడుపు కుదుటపడితే భోజనంతో పాటు అర కప్పుతో మొదలుపెట్టి, మీ హద్దు ఎక్కడుందో మెల్లగా తెలుసుకోండి. లాక్టోజ్ లేని పాలు కూడా దొరుకుతాయి. అవి కాస్త తియ్యగా ఉంటే పంచదార కలిపారని అనుమానించకండి. లాక్టోజ్ విడిపోయి ఏర్పడే గ్లూకోజ్, గెలాక్టోజ్‌లకు తీపి ఎక్కువ, అంతే. పెరుగు తింటున్నారు కాబట్టి క్యాల్షియం గురించి బెంగ వద్దు.

అయితే ఏడాది కిందట ఇది ఉన్నట్టుండి మొదలైందా? తీవ్రమైన విరేచనాల తర్వాత చిన్నపేగు పొర దెబ్బతిని తాత్కాలికంగా ఇలా కావచ్చు. కానీ అది సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, ఏడాది సాగదు. బరువు తగ్గటం, మలంలో రక్తం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే మాత్రం పాలను నిందిస్తూ కూర్చోకుండా జీర్ణకోశ నిపుణులను కలవండి. రెండు వారాలు పాలు ఆపినా ఉబ్బరం తగ్గకపోయినా అంతే. అవసరమనుకుంటే వారు హైడ్రోజన్ శ్వాస పరీక్ష చేయిస్తారు. లాక్టోజ్ కలిపిన నీళ్లు తాగించి, కొన్ని గంటలపాటు మీరు వదిలే గాలిని పరీక్షిస్తారు. సూది పోటు ఉండదు.