జీవిత చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఇంగ్లిషు రచయిత్రి, చిత్రకారిణి లూయిసా ఆన్ మెరెడిత్ జీవిత చరిత్రను తెలుగులో రాయాలని నీవు సంకల్పించినట్లు తెలిసి చాలా సంతోషించాను. ఆమె 1895లో కన్నుమూసిన మెల్‌బోర్న్‌లోనే నీ కాపురం కనుక, పుట్టినూరు విడిచివచ్చిన స్త్రీ కొత్త నేలను ఎలా చూస్తుందో నీకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ని కాబట్టి ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. ఆమె కళ్లారా చూసినదాన్నీ, ఇతరుల నోట విన్నదాన్నీ మొదటి రోజునుంచే వేర్వేరు నోటుపుస్తకాలలో రాసుకో.

1812లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, పెళ్లికి ముందే తన కవితలనూ బొమ్మలనూ అచ్చులో చూసుకున్న ఆమె, 1839లో మేనమామ కొడుకు చార్లెస్ మెరెడిత్‌ను పెళ్లాడి, అదే ఏడు సిడ్నీలో దిగింది. మరుసటి ఏడాదికే ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపం చేరింది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ ప్రాంతం గురించి 1844లో వెలువడిన ఆమె పుస్తకంలోని దుమ్మూ, దోమలూ, అక్కడి పెద్దమనుషుల తీరూ స్వయంగా చూసి రాసినవే. సిడ్నీవాసులు నొచ్చుకున్నదీ అందుకే.

టాస్మేనియా జీవితంపై 1852లో వచ్చిన పుస్తకం దగ్గర మాత్రం జాగ్రత్త వహించు. ఆమె అత్తవారు 1821లోనే ఆ ద్వీపానికి వచ్చారు. మూలవాసులకూ వలసవచ్చిన తెల్లవారికీ మధ్య నెత్తురు పారిన 1820లలో ఆమె ఇంకా ఇంగ్లండులోనే ఉంది. అయినా ఆ ఘర్షణల గురించి వలసదారుల పక్షం వహించి రాసింది. ఆ భాగాన్ని దాచిపెట్టకు, కానీ ప్రత్యక్షసాక్షి మాటగా ఎత్తి రాయకు. ఒక రైతు నాయకుడి చరిత్రలో నేను ఇటువంటి పొరపాటే చేసి, రెండో ముద్రణదాకా దిద్దుకోలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆమె బొమ్మలను నమ్ము. పూలనూ పక్షులనూ చేపలనూ ఎదుట పెట్టుకుని గీసింది గనుక, అక్కడ వినికిడికి చోటు తక్కువ. అయితే 1860నాటి అడవిపూల పుస్తకంలోనూ ఆ తరువాతి పుస్తకాలలోనూ అచ్చయిన బొమ్మ మీద ముద్రాపకుల చేయి కూడా పడి ఉంటుంది కాబట్టి, టాస్మేనియా రాజధాని హోబార్ట్‌లోని మ్యూజియంలో ఆమె చేతిచిత్రాలు చూపమని అడిగి, రంగులు పోల్చి చూడు.

డబ్బు సంగతి మరిచిపోవద్దు. 1840లలో చార్లెస్ నష్టపోయి, టాస్మేనియాలోని పోర్ట్ సోరెల్‌లో పోలీసు మేజిస్ట్రేటు ఉద్యోగానికి కుదిరాడు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1884లో, టాస్మేనియా ప్రభుత్వం ఆమె సాహిత్య, చిత్రకళా సేవలకు ఏటా 100 పౌండ్ల పింఛను ఇచ్చింది. ఆమె కలం పట్టిన కారణాలలో ఇంటి అవసరం ఎంత ఉందో లెక్కలతోనే చెప్పు.

ముందుగా టాస్మేనియాలోని స్వాన్సీ వైపు వెళ్లి, ఆమె గీసిన మొక్కలను ఆ నేలమీదే చూసిరా. తరువాత మొదటి అధ్యాయం రాసి, రెండు నోటుపుస్తకాల నకళ్లతో కలిపి నాకు పంపించు.

ఆశీస్సులతో,
మామయ్య