శ్రమ అంటే చాకిరీయేనా?

సందేహం: మా సంఘం పత్రికకు ‘శ్రమలలో విశ్వాసం – ఆధ్యాత్మిక పరిపక్వత’ అని ఒక వ్యాసం రాశాను. అచ్చుకు వెళ్లే ముందు చూసిపెట్టమని తెలిసిన తెలుగు మాస్టారికి ఇస్తే ఎర్ర పెన్నుతో నింపేశారు. ‘శ్రమ అంటే పని చేయడం. మీరు చెప్పేది కష్టాల గురించి. కష్టాలు అనే రాయండి’ అన్నారు. శోధన అంటే రీసెర్చ్ అట. పరిపక్వత పండ్లకు వాడే మాటట. ‘శ్రమలయందును అతిశయపడుదము’ అన్న బైబిలు వాక్యం కింద కూడా గీత గీసి ప్రశ్నార్థకం పెట్టారు. చిన్నప్పటి నుంచి ప్రార్థనల్లో వింటున్న మాటలివి. ఇదంతా తప్పు తెలుగేనా? (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీ మాస్టారి మీద నాకు గౌరవమే. రాసింది ఇంకొకరికి చూపించుకునే అలవాటే పోతున్న రోజుల్లో మీరు చూపించారు, ఆయన ఓపిగ్గా చూశారు. కాకపోతే ఆయన మొదటి గీత మీ వ్యాసం దాటి వెళ్లి పోతన మీద పడింది.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె ప్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె తనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

ఈ పద్యం నోటికి రాని తెలుగు మాస్టారు ఉండరు. నోటికి వచ్చిన పద్యంతో ఉన్న చిక్కే అది, ఆగి చూడం. రెండో పాదం చివర చూడండి: ‘శ్రమంబయ్యెడిన్’. గజేంద్రుడు అక్కడ ఏ పనీ చేయడం లేదు. కాలు మొసలి నోట్లో ఉంది. ఒంట్లో బలం పోయింది, గుండె నిబ్బరం పోయింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సిపోయింది. ఇన్ని చెప్పాక శ్రమ అన్నాడు. శ్రమ అంటే ఉత్త అలసటే అయితే ‘డస్సెన్’ దగ్గరే ఆ పని అయిపోయింది. పోతన శబ్దం మీద మోజుతో మాట మీద మాట పోసే కవే, కాదనను; ఇక్కడా అంతేనని ఎవరైనా వాదిస్తే నోరు మూయించలేను. నాకు మాత్రం ఆ మాటలో ఇక తట్టుకోలేనంతగా నలిగిపోతున్నాననే గోడు వినిపిస్తుంది. ఆ వెంటనే ‘నీవే తప్ప’ అని వచ్చేది అందుకే. కూలికి వెళ్లి అలిసినవాడు ఇంటికి వెళ్లి పడుకుంటాడు గాని ఈశ్వరుణ్ని రావే అని కేక వేయడు.

ఇంకో సంగతి. ఈ పద్యానికి కాస్త ముందే అదే గజేంద్రుడు ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని అనుమానపడ్డాడు. ఉన్నాడంటున్నారు గాని, ఉన్నాడా లేడా అని. శ్రమలో విశ్వాసం గురించి రాసేవాళ్లు చాలామంది ఈ మెట్టు దాటేసి ఏకంగా స్తోత్రం దగ్గరికి వెళ్లిపోతారు. బైబిలు దాటేయలేదు. మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడ్డ కొడుకు కోసం వచ్చిన తండ్రి ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అంటాడు. ఒకే వాక్యంలో నమ్మకమూ, అపనమ్మకమూ. మీ వ్యాసంలో ఈ తండ్రికి చోటు లేకపోతే ఇవ్వండి.

ఇక ధాతువు. పాణినీయ ధాతుపాఠంలో, అంటే సంస్కృత క్రియామూలాల పట్టికలో, ‘శ్రము తపసి ఖేదే చ’ అని ఉంది. శ్రమ్ అనే ధాతువుకు రెండర్థాలు: తపస్సు, ఖేదం. చాకిరీ, కూలి, జీతం అన్న ఊసే లేదు. తపస్సు వైపు నుంచి శ్రమణుడు వచ్చాడు, ఆశ్రమం వచ్చింది. ఖేదం వైపు నుంచి శ్రాంతుడు వచ్చాడు. పరిశ్రమ అన్న మాటకు ఒకప్పుడు ఒక విద్య మీద పెట్టిన పాటు అని అర్థం, ‘వ్యాకరణంలో మంచి పరిశ్రమ ఉన్నవాడు’ అనేవారు. ఇప్పుడు ఆ వాక్యం రాస్తే వ్యాకరణంలో ఫ్యాక్టరీ పెట్టాడా అని అడిగేలా ఉన్నారు. శ్రమకు పని అన్న అర్థం తెలుగులో బాగా స్థిరపడిపోయింది, దాన్ని నేను కాదనడం లేదు. శ్రమదానం, శ్రమజీవి చక్కటి మాటలు. కానీ తర్వాత వచ్చి కూర్చున్న అర్థం, ముందు నుంచీ ఉన్నదాన్ని లేచి పొమ్మంటే ఎలా?

ఇక్కడ నాకు ముచ్చట గొలిపే విషయం ఒకటుంది. ఈస్టరుకు ముందు 40 రోజుల్ని ప్రొటెస్టంటు సంఘాల్లో శ్రమకాలం అంటారు, కేథలిక్కులు తపస్సు కాలం అంటారు. ఒకరు ఖేదే అన్నారు, ఇంకొకరు తపసి అన్నారు. ధాతుపాఠంలోని అరముక్క సూత్రాన్ని రెండు సంఘాలూ చెరి సగం పంచుకున్నట్టుంది! ఎవరూ కావాలని చేసింది కాదనుకోండి.

తెలుగు బైబిలు చేసినవాళ్లు మాటలు ఎంచుకోవడంలో గుడ్డిగా పోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెస్‌గ్రాంజెస్ అనే మిషనరీ దొరలకు ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన పండితుడు తోడయ్యాడు. అక్కడ మొదలైన పని ఎన్నో చేతులు మారింది, ఎన్నో సవరణలు పడింది. ఇవాళ మీ చేతిలో ఉన్న అనువాదం తీసి చూడండి. ఒళ్లు వంచి చేసే పనికి ‘ప్రయాసము’ అని వాడారు: ‘మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థముకాదు’. మీద పడి నలిపేదానికి ‘శ్రమ’ అన్నారు: ‘లోకములో మీకు శ్రమ కలుగును’. గ్రీకు మూలంలో ఇక్కడున్న మాట థ్లిప్సిస్, ఒత్తిడి, అదిమిపెట్టడం అని అర్థం. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో (బైబిల్లో పత్రిక అంటే లేఖ) ‘ఎటుబోయినను శ్రమపడుచున్నను ఇరికింపబడువారము కాము’ అన్నచోట ఈ అదుము తెలుగులో కూడా తగులుతుంది. ‘ఎటుబోయినను’ అనే ఆరక్షరాల పక్కన శ్రమ పడేసరికి మనిషి నాలుగు గోడల మధ్య నిలబడ్డట్టుంటుంది. ఇక ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును’. విశ్రాంతి కూడా శ్రమ్ ధాతువు బిడ్డే. శ్రమ తీరితే విశ్రాంతి. మీ మాస్టారు చెప్పినట్టు శ్రమ తీసేసి అంతటా కష్టం పెడితే ఈ చుట్టరికం తెగిపోతుంది.

ఆ మాటకొస్తే, కష్టం అని రాయమన్నందుకు మాస్టారిని మెచ్చుకోవాలి. ఈ కాలం వాళ్లయితే ‘సవాళ్లు’ అని రాయమనేవారు. జబ్బు సవాలు, అప్పు సవాలు, ఇంట్లో మనిషి పోవడం కూడా సవాలే. ‘జీవితంలోని సవాళ్లను పాజిటివ్‌గా ఫేస్ చేసి ఎదుగుదాం’ అని ప్రసంగాల్లో వింటున్నాను. సవాలు అంటే అరబ్బీలో అడగడం. తెలుగులో అది తొడ చరిచి పిలవడమయింది. ఆస్పత్రి మంచం మీదున్న మనిషిని ఎవరు తొడ చరిచి పిలిచారు? అతను ఏ పందెం ఒప్పుకున్నాడు? ‘టెన్షన్‌గా ఉందండీ, ప్రార్థన చేయండి’ అనే మామూలు మాట ఇంతకన్నా నూరు రెట్లు నయం, అందులో కనీసం నిజముంది.

శోధన సంగతి తొందరగా చెప్తాను. శుధ్ అంటే శుద్ధి కావడం. శోధించడం అంటే మొదట మలినం తీయడం, తర్వాత వెదకడం, పరీక్షించడం. బైబిల్లో అన్ని కష్టాలూ పడ్డ భక్తుడు యోబు ‘ఆయన నన్ను శోధించిన తరువాత నేను సువర్ణమువలె కనబడుదును’ అన్నప్పుడు మూడర్థాలూ ఒకచోట ఉన్నాయి. ఆదికాండంలో దేవుడు అబ్రాహామును ‘పరిశోధించెను’ అని ఉంటుంది. అబ్రాహాము మీద పిహెచ్‌డి చేశాడని ఎవరూ అనుకోరు కదా. తిరకాసు ఒక్కటే. గ్రీకులో పరీక్షకూ, పాపానికి లాగే ప్రేరణకూ ఒకే మాట, పెయిరాస్మోస్. తెలుగులో రెండింటికీ శోధన అనేశారు. అందుకే యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో శోధనలలో పడితే మహానందమని ఎంచుకోమని ఒకచోట, దేవుడు ఎవనినీ శోధింపడని ఇంకొకచోట కనిపించి పాఠకుడు తికమకపడతాడు. మీ వ్యాసంలో ఏ శోధన అంటున్నారో ఒక ముక్క చెప్పండి. అన్నట్టు, ఫోన్ చార్జింగ్ అయిపోయినా శోధనే అనేవాళ్లు పెరిగారు. యోబు వింటే ఏమనుకుంటాడో.

పరిపక్వత పండ్లదే. కాదన్నదెవరు? పచ్ అంటే వండటం, పండటం రెండూ. తల పండినవాడు అని మనిషిని అంటున్నప్పుడు పరిపక్వుడు అంటే తప్పేమిటి? అయితే మన బైబిలు ఈ మాట మీద పెద్దగా ఆధారపడలేదు. ‘సంపూర్ణులు’ అంది, ‘బుద్ధి విషయమై పెద్దవారలై యుండుడి’ అంది. హెబ్రీ పత్రికలో ‘వయస్సు వచ్చినవారు’ అంది, వాళ్లు ‘అభ్యాసముచేత’ మేలు కీడులు తెలుసుకుంటారని కూడా చెప్పింది. కొరింథు సంఘానికి లేఖలు రాసిన పౌలు వాళ్లను ‘పాలతోనే మిమ్మును పెంచితినిగాని అన్నముతో మిమ్మును పెంచలేదు’ అని దెప్పుతాడు. అన్నప్రాశన అయిన ప్రతి ఇంటికీ అర్థమయ్యే తెలుగు అది. ఇంత ఉండగా ‘ఆధ్యాత్మిక పరిపక్వత’ అని నోరు తిరగని సమాసం శీర్షికలో ఎందుకు పెట్టారో మీరే ఆలోచించండి. తప్పని అనను, బరువని అంటాను.

మాస్టారు గీత గీయకుండా వదిలేసిన చోట నాకు అభ్యంతరముంది. మీరు పంపిన ప్రతిలో రెండుచోట్ల ‘శ్రమలే మనల్ని పరిపక్వులను చేస్తాయి’ అని రాశారు. ఇది వ్యాకరణం తప్పు కాదు, కర్తను తప్పుగా పట్టుకోవడం. పౌలు రాసిన రోమా పత్రిక 5వ అధ్యాయం చూడండి: ‘శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేయును’. శ్రమకు దక్కింది మొదటి క్రియ ఒక్కటే. యాకోబు ఇంకా స్పష్టంగా ‘ఓర్పు తన క్రియను కొనసాగింపనీయుడి’ అన్నాడు. సంపూర్ణులను చేసే పని ఓర్పుది, మనం దాన్ని చేయనివ్వాలి. ఓర్పు తీసేస్తే శ్రమ మనిషిని చేదుగా కూడా మార్చగలదు. ఒకే దెబ్బ తిన్న ఇద్దరిలో ఒకరు మెత్తబడి పక్కవాడి బాధ వింటారు, ఇంకొకరు ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే లెక్క తిరగేస్తూ ఉంటారు. ఇద్దరినీ మనం ఎరుగుదుం.

ఓర్పు అచ్చ తెలుగు. ఓర్చు నుంచి వచ్చింది. ఈ ఓర్చుకు పాత కావ్యాల్లో సహించు అనే అర్థంతో పాటు జయించు అనే అర్థం కూడా ఉందని ఎంతమందికి గుర్తుంది? శత్రువుల నోర్చి అంటే వాళ్ల దెబ్బలు తిని ఊరుకున్నాడని కాదు, గెలిచాడని. నోరు మూసుకుని పడి ఉండటాన్ని ఓర్పు అనడం ఇటీవలి నీరసం. గ్రీకులో ఇక్కడున్న మాట హుపొమొనే, బరువు కింద నిలిచి ఉండటం. రెండు అర్థాల ఓర్పు దానికి దీటైన మాట. కాబట్టి బాధలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి ‘ఓర్చుకోండి, ఇది మీ ఎదుగుదలకే’ అని చెప్పేవాళ్లు కొంచెం ఆగాలి. యోబు స్నేహితులు ఏడు రోజులు, ఏడు రాత్రులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నంతసేపూ బాగానే ఉంది. నోరు విప్పాకే ‘మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు’ అనిపించుకున్నారు. ఓర్పు ఎవరికి వారు చేయనివ్వాల్సిన పని. పక్కవాళ్లు పురమాయించేది కాదు.

నిరీక్షణ అంటే సంఘం బయట ఉత్త ఎదురుచూపు, మీ సంఘంలో ఆశతో కూడిన ఎదురుచూపు, ఉంచండి. విశ్వాసంలో శ్వాస ఉంది, నిశ్చింతగా ఊపిరి తీసుకోవడం దాని మొదటి అర్థం, అదీ ఉంచండి.

తీర్పు అడిగారు కనుక: సంఘం పత్రికలో శ్రమ నిక్షేపంగా రాయండి, చదివేవాళ్లకు తెలిసిన మాటే. అదే వ్యాసం దినపత్రికకు పంపితే మొదటిసారి ‘కష్టాలు, శ్రమలు’ అని జంటగా రాసి ఆ తర్వాత శ్రమ ఒక్కటే వాడుకోవచ్చు. ‘శ్రమలు’ అనే బహువచనం నాకు కొంచెం ఎబ్బెట్టే. కానీ ‘అనేక శ్రమలను అనుభవించి’ అని అపొస్తలుల కార్యముల్లో ఉంది, వాడుక నాకన్నా పెద్దది.

ఇక ‘అతిశయపడుదము’. ఇక్కడ మాస్టారి ప్రశ్నార్థకం న్యాయమే. ఇవాళ అతిశయం అంటే పొగరు. ‘వాడికి అతిశయం ఎక్కువ’ అంటే మెచ్చుకోలు కాదు. వెనక ఆ మాటకు మించడం, హెచ్చడం అని అర్థం. ‘అనగననగ రాగ మతిశయిల్లుచునుండు’ అని వేమన అన్నప్పుడు రాగానికి పొగరు పట్టిందని కాదు కదా, మెరుగెక్కిందని. గ్రీకు మాట మాత్రం గొప్పగా చెప్పుకోవడమే, పౌలుకు కావలసింది ఆ ధీమానే. కాబట్టి వాక్యాన్ని ముట్టుకోకండి. కింద బ్రాకెట్లో ‘తల ఎత్తుకుని నిలబడుదాం’ అని రాసి మాస్టారికి మళ్లీ చూపించండి. ఎర్ర పెన్ను తీస్తే ఆ ప్రతి నాకు పంపండి.