కిడ్నీ కోసం ఆలస్యంగా పేరు నమోదు చేసుకున్నవారికి ముందుగా ఎలా వస్తుంది?

కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసేవారి జాబితా టికెట్ క్యూలాంటిది కాదు కాబట్టి అలా రావచ్చు: దొరికిన కిడ్నీ ఎవరెవరికి సరిపోతుందో ముందు చూసి, ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నారనేది వాళ్ల మధ్యే లెక్కిస్తారు.

మొదట బ్లడ్ గ్రూప్ చూస్తారు (పాజిటివ్, నెగటివ్ తేడా ఇక్కడ పట్టింపు కాదు), తర్వాత హెచ్‌ఎల్‌ఏ అనే కణజాల గుర్తులు. అన్నిటికన్నా కీలకం క్రాస్‌మ్యాచ్, అంటే రోగి రక్తం దాత కణాలపై దాడి చేస్తుందేమో చూసే పరీక్ష. దాత కణాలపై దాడి చేసే యాంటీబాడీలు రోగి రక్తంలో ఉంటే కొత్త కిడ్నీ వెంటనే పాడయ్యే ప్రమాదం ఉంది. గతంలో రక్తం ఎక్కించుకున్నవారిలో, గర్భం దాల్చిన స్త్రీలలో, ఒకసారి మార్పిడి జరిగినవారిలో ఇవి ఉండే అవకాశం ఎక్కువ. అందుకే పాపం వాళ్ల నిరీక్షణ బాగా పొడవవుతుంది.

ఉదాహరణకు, ఓ గ్రూప్ రోగి 3 ఏళ్లుగా, ఏబీ గ్రూప్ రోగి ఏడాదిగా ఎదురుచూస్తున్నారనుకుందాం. ఏబీ దాత కిడ్నీ వస్తే మామూలుగా అది ఏబీ రోగికే వెళ్తుంది. ఓ గ్రూప్ రోగికి మామూలుగా ఓ గ్రూప్ దాతే కావాలి.

రక్తసంబంధీకుల కిడ్నీయే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. హెచ్‌ఎల్‌ఏ పెద్దగా కలవని భార్యాభర్తల మధ్య కూడా మార్పిడులు బాగానే విజయవంతమవుతున్నాయి. కాకపోతే రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే మందులు కొత్త కిడ్నీ పనిచేసినంత కాలం ఆపకుండా వాడాలి.